అద్దె పోగా మిగిలేదెంత? హైదరాబాద్ ఇంటి అద్దెల అసలు లెక్క

హైదరాబాద్: నగరంలో ఇల్లు వెతికేవారు మొదట అడిగే మాట ‘అద్దె ఎంత?’. టూలెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే యజమాని చెప్పేదీ ఆ ఒక్క అంకెనే. అయితే కుటుంబం మీద పడే భారాన్ని ఆ అంకె పూర్తిగా చెప్పదు. అడ్వాన్సు, మెయింటెనెన్సు, బ్రోకరు రుసుము, పనిచేసే చోటికి రాకపోకల ఖర్చు, ఏడాదికో రెండేళ్లకో ఇల్లు మారాల్సిన అవసరం, ఇవన్నీ కలిస్తేనే ఇంటి ఖర్చు తేలుతుంది. అందుకే అద్దె భరించగలిగే స్థాయిలో ఉందా అన్నది తేల్చేది అద్దె మొత్తం కాదు, అది చెల్లించాక కుటుంబం చేతిలో మిగిలే మొత్తం. తెలంగాణ రాజధానిలో అద్దెదారుల పరిస్థితిని ఈ కోణంలో పరిశీలిస్తే ధరలతోపాటు చట్టం, గణాంకాలు, ఇళ్ల నిర్మాణ తీరు కూడా చర్చకు వస్తాయి.

ముప్పై శాతం సూత్రం ఎక్కడిది?

ఆదాయంలో 30 శాతానికి మించి అద్దెకు వెచ్చించరాదన్నది తరచూ వినిపించే సూత్రం. దీని మూలాలు అమెరికా ప్రభుత్వ గృహ విధానంలో ఉన్నాయి. ప్రభుత్వ ఇళ్లలో అద్దెకుండే పేదల నుంచి వారి ఆదాయంలో 25 శాతానికి మించి వసూలు చేయరాదని ఆ దేశం 1969లో చట్టం చేసింది. 1981లో ఆ పరిమితిని 30 శాతానికి పెంచింది. సబ్సిడీ లెక్కల కోసం పెట్టుకున్న ఆ హద్దు క్రమంగా ప్రపంచమంతటా కొలమానంగా స్థిరపడింది. భారతదేశంలో 2008లో దీపక్ పారేఖ్ నేతృత్వంలోని కార్యదళం ఇంటి వాయిదా లేదా అద్దె నెలసరి ఆదాయంలో 30 నుంచి 40 శాతం మించకూడదని పేర్కొంది.

ఈ కొలమానానికి ఒక లోపం ఉంది. నెలకు రూ.1,50,000 సంపాదించే కుటుంబం రూ.45,000 అద్దె కట్టినా, రూ.25,000 సంపాదించే కుటుంబం రూ.7,500 కట్టినా శాతం ఒక్కటే. మొదటి కుటుంబానికి రూ.1,05,000 మిగులుతుంది. రెండో కుటుంబానికి మిగిలేది రూ.17,500. బియ్యం, కూరగాయలు, గ్యాస్ బండ, పిల్లల ఫీజులు, మందులు, ఊరికి పంపే సొమ్ము, అన్నీ అందులోంచే రావాలి. లెక్క ప్రకారం రెండు కుటుంబాలూ ‘భరించగలిగే’ అద్దెలోనే ఉన్నట్టు. జీవితం ప్రకారం రెంటికీ పోలికే లేదు.

సగటు చెప్పని సంగతి

కేంద్ర గణాంక శాఖ నిర్వహించిన 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో పట్టణ వాసి సగటు నెలసరి వ్యయం రూ.6,996. అందులో అద్దె వాటా సుమారు 6.6 శాతం. అంటే మనిషికి దాదాపు రూ.460, నలుగురున్న కుటుంబానికి సుమారు రూ.1,840. ఆ సొమ్ముకు హైదరాబాద్‌లో ఫ్లాటు మాట అటుంచి, వంటగది ఉన్న ఒంటి గది దొరకడమూ కష్టమే.

సర్వే తప్పు కాదు, సగటు స్వభావమే అంత. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ పట్టణాల్లో అద్దె ఇళ్లలో ఉంటున్న కుటుంబాలు సుమారు 27.5 శాతం. సొంతిల్లు ఉన్నవారు చెల్లించే అద్దె సున్నా. వారిని, అద్దెదారులను కలిపి భాగిస్తే వచ్చే అంకె ఎవరి ఇంటి ఖర్చునూ చూపదు. మరోవైపు, 2012 ఆధార సంవత్సరంగా రూపొందిన వినియోగదారుల ధరల సూచీలో పట్టణ ప్రాంతాలకు ఇంటి వ్యయం వాటా 21.67 శాతం. సొంత ఇంట్లో ఉన్నవారు కూడా అద్దె కడుతున్నట్టే భావించి విలువ కట్టడం ఈ తేడాకు ముఖ్య కారణం. ఒకే దేశంలో రెండు ప్రభుత్వ అంకెలు ఇంత దూరంగా ఉండటం వల్ల అద్దెదారు సమస్య విధాన చర్చల్లో స్పష్టంగా కనిపించదు.

దూరానికి చెల్లించే వెల

హైదరాబాద్‌లో అద్దెల పటాన్ని ఉద్యోగాలు గీశాయి. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయీ సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుంచి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, ఆపై ఆర్థిక మండలి వైపు ఉపాధి పడమటి దిక్కున పేరుకుపోయింది. ఉద్యోగులతోపాటు వారి ఇళ్లలో పనిచేసేవారు, డ్రైవర్లు, వాచ్‌మన్లు, హోటళ్ల సిబ్బంది, సరుకులు చేరవేసేవారు కూడా అటే వెళ్లాలి. అక్కడి అద్దెలు భరించలేనివారు దూరంగా ఉండి రోజూ ప్రయాణిస్తారు.

ఉదాహరణకు నెలకు రూ.40,000 ఆదాయం ఉన్న కుటుంబం ముందు రెండు ఇళ్లు ఉన్నాయనుకుందాం. పనిచేసే చోటికి 5 కిలోమీటర్ల దూరంలోని ఇంటి అద్దె రూ.16,000, మెయింటెనెన్సు రూ.1,500. 20 కిలోమీటర్ల దూరంలోని ఇంటి అద్దె రూ.11,000, మెయింటెనెన్సు రూ.1,000. నెలకు 26 పనిదినాలు, లీటరు పెట్రోలుకు 45 కిలోమీటర్ల మైలేజీ, లీటరు ధర రూ.107గా లెక్కిస్తే దగ్గరి ఇంటి నుంచి రాకపోకలకు నెలకు సుమారు రూ.620, దూరపు ఇంటి నుంచి సుమారు రూ.2,470 అవుతుంది. మొత్తం ఖర్చు దగ్గరి ఇంటికి రూ.18,120, దూరపు ఇంటికి రూ.14,470. అద్దెలో కనిపించిన రూ.5,000 తేడా రూ.3,650కి తగ్గింది.

ఆ ఆదా కూడా ఉచితంగా రాదు. దూరపు ఇంట్లో ఉన్న వ్యక్తి రోజుకు అదనంగా 30 కిలోమీటర్లు తిరగాలి. నగర రద్దీలో గంటకు 20 కిలోమీటర్ల వేగం అనుకుంటే రోజుకు గంటన్నర, నెలకు 39 గంటలు. అంటే ఎనిమిది గంటల పనిదినాలు దాదాపు ఐదు. రూ.3,650ను 39 గంటలతో భాగిస్తే గంటకు సుమారు రూ.94. దూరంగా ఉండే అద్దెదారు తన విశ్రాంతిని, పిల్లలతో గడిపే సమయాన్ని ఆ ధరకు అమ్ముకుంటున్నట్టే.

ప్రజా రవాణా ఈ భారాన్ని కొంత తగ్గించగలదు. 2017 నవంబరులో మొదలైన మెట్రో తొలి దశ 69 కిలోమీటర్ల మేర మియాపూర్–ఎల్బీనగర్, నాగోల్–రాయదుర్గం, జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గాల్లో విస్తరించింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం అందుబాటులోకి వచ్చింది. రెండు జీతాల మీద నడిచే ఇంటికి ఇది నేరుగా అద్దెకు తోడ్పడే సొమ్ము. అయితే మెట్రో స్టేషన్ దగ్గరైతే ప్రయాణం సులువనే కారణంతోనే ఆ పరిసరాల్లో అద్దెలు పెరుగుతాయి. రవాణా సౌకర్యం తెచ్చిన లాభంలో కొంత మళ్లీ అద్దె రూపంలోనే యజమానికి చేరుతుంది.

గృహప్రవేశానికి ముందే అప్పు

అద్దె ఇంట్లో దిగే రోజు అయ్యే ఖర్చు మరో అడ్డంకి. నెలకు రూ.16,000 అద్దె ఇంటికి రెండు నెలల అడ్వాన్సు రూ.32,000, మొదటి నెల అద్దె రూ.16,000, బ్రోకరుకు ఒక నెల అద్దె రూ.16,000 అనుకుంటే, తాళంచెవి చేతికి రావాలంటేనే రూ.64,000 కావాలి. సామాను తరలించే వాహనం, కూలీల ఖర్చు దీనికి అదనం. రూ.40,000 ఆదాయం ఉన్న కుటుంబానికి ఇది నెలన్నర సంపాదన కంటే ఎక్కువ. ఖాళీ చేసే రోజున రంగుల ఖర్చు పేరిట అడ్వాన్సులో ఒక నెల అద్దె మినహాయించుకోవడం నగరంలో చాలాచోట్ల ఉన్న ఆనవాయితీ. పాత ఇంటి అడ్వాన్సు తిరిగి రాకముందే కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టాలి కనుక చిన్న ఆదాయాల వారు మధ్యలో చేబదులు తెచ్చుకోవలసి వస్తుంది. అద్దె నిలకడగా ఉన్నా, తరచూ ఇల్లు మారాల్సి వస్తే ఖర్చు నిలకడగా ఉండదు.

రూ.3,500 దగ్గర ఆగిన చట్టం

అద్దెదారుకు చట్టం ఏ రక్షణ ఇస్తోంది? తెలంగాణలో అమల్లో ఉన్న ప్రధాన చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలం నాటిది, 1960లో వచ్చిన భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం. న్యాయమైన అద్దె నిర్ణయించమని కోరే హక్కును, నిర్దిష్ట కారణాలు లేకుండా ఖాళీ చేయించకుండా రక్షణను ఆ చట్టం కల్పించింది. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలను దాని పరిధి నుంచి శాశ్వతంగా తప్పించిన నిబంధనను 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. కాలం గడిచేకొద్దీ ఆ మినహాయింపు అర్థరహితమైందన్నది తీర్పు సారం.

ఆ తర్వాత కొత్త మినహాయింపులు వచ్చాయి. 2005 సవరణ ప్రకారం నిర్మించి 15 ఏళ్లు నిండని భవనాలకు, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు రూ.3,500 మించిన అద్దె ఉన్న భవనాలకు ఈ చట్టం వర్తించదు. ఇరవై ఏళ్ల క్రితం రూ.3,500 మధ్యతరగతి ఇంటి అద్దె. నేడు ఆ మొత్తానికి నగరంలో అపార్టుమెంటు ఫ్లాటు దొరకదు. ధరలతోపాటు మారే ఏర్పాటు లేకపోవడంతో, ఎవరూ రద్దు చేయకుండానే ఈ చట్టం అధికశాతం అద్దెదారులకు దూరమైంది.

పరిధి దాటినవారికి మిగిలేవి రాసుకున్న ఒప్పందం, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. ఒప్పందంలో మరోలా లేకపోతే నెలవారీ అద్దెను 15 రోజుల నోటీసుతో ముగించవచ్చని ఆ చట్టంలోని 106వ సెక్షన్ చెబుతోంది. ఇక దాదాపు ప్రతి ఒప్పందంలో కనిపించే ‘11 నెలల’ గడువుకు కారణం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలని దాని 17వ సెక్షన్ చెబుతోంది. స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ శ్రమ తప్పించుకోవడానికి ఇరుపక్షాలూ 11 నెలలకు రాసుకుంటాయి. ఫలితంగా ప్రతి 11 నెలలకూ అద్దె మళ్లీ బేరానికి వస్తుంది. పిల్లల బడి మధ్యలో ఉన్న కుటుంబానికి ఆ బేరంలో బలం తక్కువ. యజమాని అడిగిన పెంపును కాదంటే ఇల్లు మారాలి, మారితే పైన చెప్పిన ఖర్చంతా మళ్లీ మొదలు.

నమూనా చట్టం ఏం చెబుతోంది?

ఈ అస్తవ్యస్తతను సరిదిద్దే ఉద్దేశంతో కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. దాని ప్రకారం నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదు. ప్రతి అద్దెకూ రాతపూర్వక ఒప్పందం ఉండాలి, దాన్ని అద్దె ప్రాధికార సంస్థకు తెలియజేయాలి. అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ఇంట్లోకి రావడానికి యజమాని 24 గంటల ముందు చెప్పాలి. వివాదం ఉన్నా నీరు, విద్యుత్తు వంటి అత్యవసర సేవలు నిలిపివేయరాదు. యజమానులకూ రక్షణ ఉంది. గడువు ముగిసినా ఖాళీ చేయని అద్దెదారు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆ తర్వాత నాలుగు రెట్ల అద్దె చెల్లించాలి. వివాదాల పరిష్కారానికి ప్రత్యేక అద్దె కోర్టులు, ట్రైబ్యునళ్లు ఉంటాయి.

ఈ చట్టం అద్దెకు గరిష్ఠ పరిమితి పెట్టదు. అద్దె ఎంతన్నది ఇరుపక్షాల అంగీకారమే. భూమి, అద్దెలు రాష్ట్రాల పరిధిలోని అంశం కావడంతో రాష్ట్ర శాసనసభ ఆమోదిస్తేనే ఇది అమల్లోకి వస్తుంది. నమూనాకు అనుగుణంగా చట్టాలు చేసుకున్న రాష్ట్రాలుగా ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాంలను కేంద్రం పేర్కొంది.

ఒప్పందమే లేనివారు

చట్టంపై జరిగే చర్చ అంతా కాగితం ఉన్నవారి గురించే. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో, తెలంగాణ సరిహద్దుకు చేరువగా సుక్మా జిల్లాలో కిష్టారం అనే గ్రామం ఉంది. ఆ పరిసరాల పల్లెల నుంచి మిరప కోతల కాలంలో భద్రాద్రి, ఖమ్మం వైపు కూలీలు రావడం ఏళ్లుగా ఉన్నదే. అటువంటి పల్లెల నుంచి ఒక కుటుంబం హైదరాబాద్ నిర్మాణ పనులకు వస్తే దానికి దొరికే నివాసం నిర్మాణ స్థలంలోని రేకుల షెడ్డు, లేదంటే నలుగురైదుగురు కలిసి ఉండే గది. దానికి రసీదు ఉండదు, ఒప్పందం ఉండదు. నిర్మాణ కార్మికులకు పనిచేసే చోటే ఉచిత తాత్కాలిక వసతి కల్పించాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం యాజమాన్యాలను ఆదేశించింది. అయితే పని ముగిస్తే ఆ వసతీ ముగుస్తుంది. నగరంలో వేల ఫ్లాట్లు కట్టేవారికి ఆ ఫ్లాట్ల మార్కెట్‌లో చోటు లేకపోవడం అద్దెల సమస్యలో కనిపించని అంచు.

వలస కార్మికుల కోసం అద్దె ఇళ్ల సముదాయాల పథకాన్ని కేంద్రం 2020 జులైలో, కరోనా లాక్‌డౌన్ తర్వాత ఆమోదించింది. 2024 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లోనూ అద్దె ఇళ్లను ఒక విభాగంగా చేర్చారు. వార్షికాదాయం రూ.3 లక్షల లోపు ఉన్నవారిని ఆర్థికంగా బలహీన వర్గంగా, రూ.6 లక్షల లోపు ఉన్నవారిని అల్పాదాయ వర్గంగా ఈ పథకం గుర్తిస్తుంది.

నియంత్రిస్తే సరిపోతుందా?

అద్దెలకు కళ్లెం వేస్తే సమస్య తీరుతుందన్న వాదనకు ముంబై అనుభవం హెచ్చరిక. 1947 నాటి బొంబాయి అద్దె చట్టం అద్దెలను 1940 నాటి స్థాయి వద్ద స్తంభింపజేసింది. వచ్చే అద్దె మరమ్మతులకూ చాలకపోవడంతో యజమానులు భవనాలను పట్టించుకోలేదు. లెక్కల్లోకి రాని ‘పగిడీ’ సొమ్ము చేతులు మారింది. ఆ స్తంభన నిబంధనలు అసమంజసమని సుప్రీంకోర్టు 1997లో వ్యాఖ్యానించింది. బెర్లిన్ 2020లో అద్దెలపై విధించిన పరిమితిని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2021 ఏప్రిల్‌లో కొట్టివేసింది. వియన్నా మరో దారి పట్టింది. అక్కడ నగరపాలక సంస్థే దాదాపు 2.2 లక్షల ఇళ్లను సొంతంగా ఉంచుకుని అద్దెకు ఇస్తోంది. అద్దెకు ఇచ్చే ఇళ్లు పుష్కలంగా ఉండటమే అక్కడ అద్దెలకు కళ్లెం.

యజమాని లెక్క కూడా చూడాలి. రూ.80 లక్షల ఫ్లాటును రూ.25,000కు అద్దెకు ఇస్తే ఏడాదికి వచ్చేది రూ.3 లక్షలు, అంటే పెట్టుబడిపై 3.75 శాతం. గృహరుణం వడ్డీ దీనికి రెట్టింపు ఉంటుంది. అందుకే కేవలం అద్దెకిచ్చే ఉద్దేశంతో అపార్టుమెంట్లు కట్టే సంస్థలు అరుదు. పింఛనుకు బదులుగా పైఅంతస్తు పోర్షన్ అద్దెపై ఆధారపడిన వృద్ధులు నగరమంతటా ఉన్నారు. ఖాళీ చేయరేమోనన్న భయంతో ఇల్లు తాళం వేసి ఉంచేవారూ ఉన్నారు. 2011 లెక్కల్లో దేశ పట్టణాల్లో కోటీ 10 లక్షలకు పైగా ఇళ్లు ఖాళీగా ఉన్నట్టు తేలింది. మరుసటి ఏడాదే కేంద్ర సాంకేతిక బృందం పట్టణాల్లో ఇళ్ల కొరతను 1.88 కోట్లుగా అంచనా వేసింది. ఆ కొరతలో దాదాపు 96 శాతం బలహీన, అల్పాదాయ వర్గాలదే.

ఎక్కడ కట్టారన్నదీ ముఖ్యమే

ఇళ్లు కడితే చాలదని, ఎక్కడ కట్టారన్నది కూడా లెక్కలోకి వస్తుందని నగర శివారు చెబుతోంది. ఔటర్ రింగ్ రోడ్డు ఆవల, సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల సముదాయాన్ని 2023 జూన్‌లో ప్రారంభించారు. నగరం నడిబొడ్డున పాచిపని, చిల్లర వ్యాపారం చేసుకునే కుటుంబానికి అక్కడ ఇల్లు ఉచితంగా దక్కినా, పనికి వెళ్లిరావడానికి రోజూ దూరం మోయాలి. ప్రైవేటు రంగంలో కొత్తగా వస్తున్న గేటెడ్ కమ్యూనిటీల్లో మూడు పడకగదులు, అంతకు మించిన ఫ్లాట్లకే ప్రాధాన్యం. 60 చదరపు మీటర్ల లోపు, రూ.45 లక్షల లోపు ఉన్న ఇళ్లకు 2019 ఏప్రిల్ నుంచి జీఎస్‌టీ ఒక్క శాతమే ఉన్నా, నగరంలో భూమి ధరలు ఆ పరిమితిని కాగితానికే పరిమితం చేశాయి.

పన్ను విధానంలోనూ చాలాకాలం పొంతన లేకపోయింది. ఈ జీఎస్‌టీ నిబంధనకు హైదరాబాద్ మెట్రో నగరం. 1962 నాటి ఆదాయపు పన్ను నియమాల్లో మాత్రం దానికి ఆ హోదా ఉండేది కాదు. ఇంటి అద్దె భత్యం మినహాయింపు లెక్కలో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై ఉద్యోగులకు జీతంలో 50 శాతం వరకు పరిగణించగా, హైదరాబాద్‌ను 40 శాతం జాబితాలో ఉంచారు. రోజువారీ కూలికి, సొంతంగా చిన్న వ్యాపారం చేసుకునేవారికి ఈ భత్యమే ఉండదు.

అద్దెకు దిగే ముందు

చట్టం మారేలోగా అద్దెదారుకు ఒప్పంద పత్రమే ఆయుధం. ఏటా అద్దె ఎంత శాతం పెరుగుతుంది, ఖాళీ చేయడానికి ఇరువైపులా ఎన్ని రోజుల నోటీసు, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి, రంగుల ఖర్చు ఎవరిది, మెయింటెనెన్సులో ఏమేమి కలుస్తాయి అన్నవి ముందే రాయించుకోవాలి. అద్దెను బ్యాంకు ద్వారా చెల్లించి ఆధారం ఉంచుకోవాలి. దిగే రోజున మీటరు రీడింగును, గోడలు, కుళాయిల స్థితిని ఫొటో తీసి ఉంచుకుంటే ఖాళీ చేసే రోజున వాదన తగ్గుతుంది.

విధానకర్తల ముందు ఉన్న పని ఇంతకంటే పెద్దది. 2027 జనగణనలో భాగమైన ఇళ్ల లెక్కింపులో ఆ ఇల్లు సొంతమా, అద్దెదా అన్న ప్రశ్న ఉంది. 2011 తర్వాత అద్దె కుటుంబాల సంఖ్య ఎంతకు చేరిందో అప్పుడు అధికారికంగా తెలుస్తుంది. అయితే రూ.3,500 పరిమితిని సవరించడానికి ఆ లెక్క కోసం ఎదురుచూడనక్కరలేదు. ఆ అంకె కాలం చెల్లిందని ప్రతి టూలెట్ బోర్డూ చెబుతూనే ఉంది.